కంప్యూటర్ ఆన్‌లో ఉండగానే హార్డ్ డిస్క్ పెట్టొచ్చా, తీయొచ్చా?

క్లుప్తంగా: నడుస్తున్న కంప్యూటర్‌కు డిస్క్ తగిలించేటప్పటి కంటే తీసేటప్పుడే ముప్పు ఎక్కువ. కరెంటు వల్ల వచ్చే ప్రమాదాన్ని యూఎస్‌బీ, సాటా (కేబినెట్ లోపలి డిస్కులకు వాడేది) కనెక్టర్లు చాలావరకు తగ్గించాయి. పాత డిస్కులకు పవర్ ఇచ్చే మోలెక్స్, డేటా మోసే ఐడీఈ కనెక్టర్లకు, చిన్న చిప్‌ల డిస్కులు (ఎస్‌ఎస్‌డీలు) దూర్చే ఎం.2 స్లాట్‌కు ఆ రక్షణ లేదు. డేటాకు ఉన్న ప్రమాదం మాత్రం ఏ కనెక్టర్‌తోనూ తీరేది కాదు. కాపీ పూర్తయిందని తెర మీద కనిపించినా ఆ డేటా ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండొచ్చు. ఎజెక్ట్ చేయడం (డిస్క్ తీయబోతున్నానని ముందే కంప్యూటర్‌కు చెప్పడం), ఆ తర్వాత డిస్క్ తిరగడం ఆగేదాకా ఆగడం ఎందుకో కింద వివరంగా ఉంది.

"ఎజెక్ట్ కొట్టకుండా లాగేస్తే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. "ఏళ్ల తరబడి అలాగే లాగుతున్నాం, ఏమీ కాలేదు" అన్నది ఒకటి. "ఒక్కసారి లాగినందుకు ఫొటోలన్నీ పోయాయి" అన్నది రెండోది. రెండూ నిజమే. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచింది. బయట నుంచి తగిలించే డిస్కులకు "క్విక్ రిమూవల్" పద్ధతిని మైక్రోసాఫ్ట్ అప్పటి నుంచి డిఫాల్ట్ చేసింది. దాంతో "ఇక ఎజెక్ట్ అక్కర్లేదట" అన్న మాట పాకిపోయింది. పెన్‌డ్రైవ్‌ల గురించి చెప్పిన ఆ మాటను కేబినెట్ లోపలి సాటా డిస్కుకు, డాకింగ్ స్టేషన్‌లో నిలబెట్టిన డిస్కుకు, సర్వర్‌లో రెయిడ్ పద్ధతిలో (కొన్ని డిస్కులు కలిసి ఒకటిగా పనిచేసేలా) పెట్టిన డిస్కుకు కూడా వర్తింపజేయడంతోనే చిక్కు వస్తోంది.

డిస్క్‌ను నడుస్తుండగా తీయాలన్నా పెట్టాలన్నా నలుగురు ఒప్పుకోవాలి: కనెక్టర్, మదర్‌బోర్డు మీది కంట్రోలర్, ఆపరేటింగ్ సిస్టమ్, డిస్క్ లోపలి యంత్రం. ముగ్గురు సరేనన్నా నాలుగోవాడు అడ్డం తిరిగితే చాలు. యూఎస్‌బీలో మొదటి ఇద్దరూ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు కాబట్టి మిగతా ఇద్దరి సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

## పిన్నుల పొడవులో ఉన్న కిటుకు

సాటా డిస్క్‌ను కాస్త వెలుతురులోకి తెచ్చి కనెక్టర్‌ను దగ్గరగా చూస్తే బంగారు రంగులో సన్నని గీతల్లాంటి పిన్నులు రెండు గుంపులుగా కనిపిస్తాయి. చిన్న గుంపులో 7, అవి డేటావి. పెద్ద గుంపులో 15, అవి పవర్‌వి. ఇంకాస్త పరీక్షగా చూస్తే అన్నీ ఒకే పొడవులో లేవని తెలుస్తుంది. పవర్ పిన్నుల్లో 4వది, 12వది అన్నింటికంటే ముందుకు వచ్చి ఉంటాయి. మరికొన్ని వాటి కంటే కొంచెం వెనక్కి, మిగిలినవి ఇంకొంచెం వెనక్కి ఉంటాయి. తేడా మిల్లీమీటరు కూడా ఉండదు. నడుస్తుండగా తగిలించే వీలంతా ఆ కొద్ది తేడాలోనే ఉంది.

కనెక్టర్‌ను లోపలికి తోసినప్పుడు ముందుగా తగిలేవి ఆ రెండు పొడుగు పిన్నులు. అవి గ్రౌండ్. అంటే కరెంటు రాకముందే, వచ్చిన కరెంటు తిరిగి వెళ్లడానికి దారి సిద్ధమవుతుంది. పనిలో పనిగా మనిషి చేతి నుంచో, డిస్క్ ఒంటి మీది నుంచో వచ్చే స్థిర విద్యుత్తు కూడా అటే పోతుంది. రెండో వరుసలో తగిలేవాటిలో ప్రీచార్జ్ పిన్నులు ఉంటాయి. 3.3, 5, 12 వోల్టులకు ఒక్కోటి చొప్పున ఇవి మూడు. చివరగా అసలు పవర్ పిన్నులు తగులుతాయి. బయటికి లాగినప్పుడు ఇదంతా తలకిందులుగా జరుగుతుంది. గ్రౌండ్ అన్నింటికంటే ఆఖర్న విడిపోతుంది.

ప్రీచార్జ్ ఎందుకంటే, డిస్క్ సర్క్యూట్‌లోని కెపాసిటర్లు మొదట ఖాళీగా ఉంటాయి. ఖాళీ కెపాసిటర్‌కు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే ఆ క్షణంలో అది షార్ట్ సర్క్యూట్‌లాగే ప్రవర్తిస్తుంది. ఒక్క ఉదుటున కరెంటు లాక్కుంటుంది. ఆ దెబ్బకు అదే పవర్ లైను మీద ఉన్న పక్క డిస్క్ వోల్టేజీ పడిపోయి రీసెట్ కావచ్చు. ట్రేలోని డిస్క్ నేరుగా వచ్చి తగిలే బోర్డుల్లో (బ్యాక్‌ప్లేన్‌లలో) ప్రీచార్జ్ పిన్నుకు ముందు ఒక రెసిస్టర్ పెడతారు. కెపాసిటర్లు మెల్లగా నిండాకే అసలు పిన్నులు తగులుతాయి. మామూలు పవర్ సప్లై నుంచి వచ్చే సాటా కేబుల్‌లో ఈ రెసిస్టర్ ఉండదు. అక్కడ పొడుగు పిన్నుల వరుసక్రమం ఒక్కటే రక్షణ. కనెక్టర్‌ను వంకరగా, ఒక పక్క ముందు తగిలేలా నెడితే ఆ వరుసక్రమం కూడా దెబ్బతింటుంది. అందుకే ట్రేలో నేరుగా జారే డిస్క్‌కూ, కేబినెట్‌లో చెయ్యి దూర్చి గుడ్డిగా గుచ్చే కేబుల్‌కూ మధ్య తేడా ఉంది, రెంటి మీదా సాటా అనే రాసి ఉన్నా సరే.

యూఎస్‌బీదీ ఇదే కిటుకు. పాత చదునైన యూఎస్‌బీ-ఎ ప్లగ్‌లో 4 పిన్నులుంటాయి. అటు చివరా ఇటు చివరా ఉన్న పవర్, గ్రౌండ్ పిన్నులు మధ్యలోని డేటా పిన్నుల కంటే పొడుగ్గా ఉంటాయి. యూఎస్‌బీని 1996లో మొదటి నుంచే నడుస్తుండగా తగిలించడానికి తయారుచేశారు.

పాత 4 పిన్నుల మోలెక్స్ పవర్ కనెక్టర్‌కు ఇవేమీ లేవు. పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు తీగ 5 వోల్టులు, మధ్యలో రెండు నల్ల తీగలు గ్రౌండ్. అన్ని పిన్నులదీ ఒకే పొడవు. పైగా అవి ప్లాస్టిక్ లోపల వదులుగా కదులుతుంటాయి. బిగుతుగా పట్టుకుపోయిన కనెక్టర్‌ను అటూ ఇటూ ఊపి లాగాల్సిందే. ఆ ఊపులో ఏ పిన్ను ముందు విడుతుందో, ఎన్నిసార్లు తగిలి విడుతుందో చెప్పలేం. గ్రౌండ్ ముందు విడిపోయి 12 వోల్టులు ఇంకా తగిలే ఉంటే, ఆ కరెంటు తిరిగి వెళ్లడానికి డేటా కేబుల్ దారి పడుతుంది. డిస్క్ బోర్డో, మదర్‌బోర్డు కంట్రోలరో కాలిపోయేది ఇలాంటప్పుడే. 40 పిన్నుల వెడల్పాటి ఐడీఈ కేబుల్ కూడా ఈ కాలానిదే. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా ఆ రెంటినీ ముట్టుకోకూడదు. మోలెక్స్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్ వాడుతుంటే, తీయాల్సింది సాటా కొసనే. మోలెక్స్ కొసను కదపకూడదు.

కనెక్టర్ ఎన్నిసార్లు పెట్టి తీయడానికి పనికొస్తుందన్న లెక్క కూడా ఒకటుంది. కేబినెట్ లోపలి సాటా కేబుల్ కనెక్టర్‌కు ప్రమాణాల్లో పెట్టిన లెక్క 50 సార్లు. బ్యాక్‌ప్లేన్ కనెక్టర్‌కు 500. యూఎస్‌బీ-ఎకు 1,500, యూఎస్‌బీ-సికి 10,000. 51వసారి విరిగిపోతుందని కాదు. కానీ రోజూ డిస్క్ మార్చే పని ఉన్నవాళ్లు కేబుల్‌తోనే నెట్టుకొస్తే, ఏడాది తిరక్కుండానే వదులు కనెక్టర్ సమస్యలు మొదలవడంలో వింతేమీ లేదు.

ఇక్కడే ఇంకో వింత. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణం 3వ పవర్ పిన్ను పనిని మార్చేసింది. ఆ పిన్నుకు 3.3 వోల్టులు అందితే కొన్ని కొత్త డిస్కులు "ఆగిపో" అన్న ఆదేశంగా తీసుకుంటాయి. సర్వర్‌లో దూరం నుంచే డిస్క్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయడానికి పెట్టిన ఏర్పాటు ఇది. అలాంటి డిస్క్‌ను 3.3 వోల్టులు ఇచ్చే పాత పవర్ సప్లైకి తగిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. డిస్క్ చచ్చిపోయిందనుకుంటారు. ఆ పిన్ను మీద సన్నని టేపు ముక్క అంటించగానే తిరగడం మొదలుపెడుతుంది.

## డిస్క్ వచ్చిందని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది

సాటా డిస్క్‌కు పవర్ అందగానే అది డేటా తీగల మీద చిన్న సంకేతాల గుచ్ఛం ఒకటి పంపుతుంది. అవతల కంట్రోలర్ దానికి బదులిస్తుంది. ఇద్దరూ ఏ వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకుంటారు. తర్వాత కంట్రోలర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తట్టి, "కొత్తగా ఎవరో వచ్చారు" అని చెబుతుంది. సిస్టమ్ ఆ డిస్క్‌ను మోడల్, సీరియల్ నంబరు, సైజు అడుగుతుంది. 3.5 అంగుళాల డిస్క్ పూర్తి వేగం అందుకోవడానికి 10 సెకన్లో, ఇంకాస్తో పడుతుంది కాబట్టి, పెట్టిన వెంటనే కనిపించలేదని లాగి మళ్లీ గుచ్చాల్సిన పనిలేదు.

ఈ కబురు అందాలంటే కంట్రోలర్ ఏహెచ్‌సీఐ అనే సాటా పద్ధతిలో ఉండాలి. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) పాత ఐడీఈ పద్ధతి పెట్టి ఉంటే, పిన్నుల వరకు అంతా సవ్యంగా జరిగినా సిస్టమ్‌కు కబురు అందదు. చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో ఒక్కో సాటా పోర్టుకు విడిగా "హాట్ ప్లగ్" ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తేనే ఆ పోర్టుకు తగిలించిన డిస్క్ తీయదగిన పరికరంగా లెక్కకొస్తుంది. కరెంటు ఆదా కోసం ఖాళీ పోర్టులను నిద్రపుచ్చే సెట్టింగు కూడా కొన్నిసార్లు అడ్డుపడుతుంది. నిద్రపోతున్న పోర్టు తలుపు తట్టినా వినదు. అప్పుడు విండోస్ డివైస్ మేనేజర్‌లో "స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్" నొక్కాలి. లైనక్స్‌లో ఆ కంట్రోలర్‌ను రీస్కాన్ చేయమని చెప్పాలి.

యూఎస్‌బీ హార్డ్ డిస్కుల్లో కనిపించకపోవడానికి వేరే కారణం ఎక్కువ. 2.5 అంగుళాల డిస్క్ చక్రం మొదట కదలడానికి 5 వోల్టుల దగ్గర సుమారు 1 ఆంపియర్ లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు 0.5, యూఎస్‌బీ 3.0 పోర్టు 0.9 ఆంపియర్ ఇస్తే చాలని ప్రమాణం. చాలా పోర్టులు అంతకన్నా ఎక్కువే ఇస్తాయి కాబట్టి బండి నడుస్తోంది. పవర్ లేని హబ్‌కు నాలుగు పరికరాలు వేలాడదీసి ఐదోదిగా డిస్క్‌ను తగిలిస్తే మాత్రం టిక్కు టిక్కుమని తిరగబోయి ఆగిపోతుంది. కాపీ మధ్యలో అలా జరిగితే చెప్పాపెట్టకుండా పీకేసినదానితో సమానం.

## రాయకుండానే రాశానని చెప్పడం

అసలు కథ ఇక్కడుంది. డిస్క్ మెల్లగా పనిచేస్తుంది, మెమరీ వేగంగా పనిచేస్తుంది. ప్రతి రాతకూ ప్రోగ్రామ్ డిస్క్ కోసం కాచుకుని కూర్చుంటే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్ డేటాను మెమరీలో పెట్టుకుని "సరే, రాసేశాను" అని ప్రోగ్రామ్‌కు చెప్పేస్తుంది. ప్రోగ్రామ్ చేతులు దులుపుకుంటుంది. అసలు రాత తర్వాత తీరిగ్గా జరుగుతుంది. దీన్నే రైట్ క్యాష్ అంటారు.

ఈ తంటా ఈనాటిది కాదు. 1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6.0లోని స్మార్ట్‌డ్రైవ్ ఇలాగే రాతలను వాయిదా వేసేది. తర్వాతి ఆదేశం అడిగే ప్రాంప్ట్ కనిపించగానే పని అయిపోయిందనుకుని జనం స్విచ్ ఆపేసేవారు. మెమరీలో మిగిలినది గాల్లో కలిసిపోయేది. తర్వాతి వెర్షన్ 6.2లో, రాయాల్సింది రాసేశాకే ప్రాంప్ట్ ఇచ్చేలా మార్చారు. 1984 నాటి మెకింటాష్ ఇంకో దారి పట్టింది. దాని ఫ్లాపీ డ్రైవ్‌కు బయట బటనే ఉండదు. తెర మీద ఫ్లాపీ బొమ్మను చెత్తబుట్టలోకి లాగితే, రాయాల్సింది రాసి కంప్యూటరే ఫ్లాపీని బయటికి నెట్టేది. చెత్తబుట్ట అనేసరికి డేటా చెరిగిపోతుందేమోనని కొత్తవాళ్లు హడలిపోవడం వేరే సంగతి, కానీ యంత్రం వదిలితేనే మనిషి తీసుకునే పద్ధతి అది. యూఎస్‌బీతో ఆ అదుపు పోయింది. ఎప్పుడు లాగాలన్నది పూర్తిగా మనిషి చేతిలోకి వచ్చింది.

ఒక లెక్క చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. 16 జీబీ మెమరీ ఉన్న లైనక్స్ కంప్యూటర్ నుంచి, సెకనుకు 10 ఎంబీ మాత్రమే రాయగల మందకొడి పెన్‌డ్రైవ్‌లోకి 2 జీబీ వీడియో కాపీ చేశారనుకుందాం. లైనక్స్ మామూలు సెట్టింగుల్లో అందుబాటులో ఉన్న మెమరీలో సుమారు 20 శాతం దాకా రాయని డేటాను ఉంచుకోగలదు. అంటే ఆ 2 జీబీ మొత్తం మెమరీలో పట్టేస్తుంది. కాపీ గీత కొన్ని సెకన్లలో 100 శాతం చూపించి మాయమవుతుంది. పెన్‌డ్రైవ్‌లోకి నిజంగా చేరడానికి మాత్రం 200 సెకన్లు కావాలి. ఎజెక్ట్ నొక్కినప్పుడు మూడు నిమిషాల పాటు అది హ్యాంగ్ అయినట్టు కనిపించేది ఇందుకే. విసుగొచ్చి లాగేసేవాళ్లు సరిగ్గా పని జరుగుతున్న సమయంలోనే లాగుతున్నారు.

సిస్టమ్ పంపినా పని పూర్తయినట్టు కాదు. డిస్క్ లోపల కూడా సొంతంగా కొంత మెమరీ ఉంటుంది. నేటి డిస్కుల్లో అది 64 నుంచి 256 ఎంబీ ఉండటం మామూలే. డిస్క్ కూడా సిస్టమ్‌కు "అందింది" అని చెప్పి, దాన్ని చక్రం మీద రాయడం కాస్త ఆలస్యం చేస్తుంది. ఎజెక్ట్ నొక్కితే సిస్టమ్ ముందు తన దగ్గరున్నదంతా పంపి, తర్వాత "నీ దగ్గరున్నది కూడా దించెయ్" అని డిస్క్‌కు ప్రత్యేకంగా ఆదేశం ఇస్తుంది. రెండు అంతస్తులూ ఖాళీ అయ్యాకే "ఇక తీయొచ్చు" అంటుంది.

విండోస్ "క్విక్ రిమూవల్" చేసేది ఏమిటంటే, ఆ డిస్క్ వరకు ఈ వాయిదా వేసే అలవాటును మానేయడం. కాపీ గీత పూర్తయితే రాత కూడా పూర్తయినట్టే. వేగం కాస్త తగ్గుతుంది. కానీ ఏదైనా ప్రోగ్రామ్ ఇంకా రాస్తూ ఉండగా లాగితే ఏ పద్ధతీ కాపాడలేదు. పైగా ఇది డిస్క్‌ను బట్టి మార్చుకునే సెట్టింగు. వేగం కోసం ఎవరైనా ఎప్పుడో "బెటర్ పెర్ఫార్మెన్స్" పెట్టి ఉంటే అదే కొనసాగుతుంది. కేబినెట్ లోపలి సాటా డిస్కులకు ఈ సడలింపు లేదు. అక్కడ రైట్ క్యాష్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది.

రాత సగంలో ఆగితే ఎంత నష్టమన్నది ఫైల్ సిస్టమ్‌ను (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతిని) బట్టి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లలో వాడే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు జర్నల్ (చేయబోయే పనిని ముందే రాసుకునే చిట్టా) లేదు. ఒక ఫైలు రాయడమంటే మూడు చోట్ల రాయడం: డేటా, ఆ డేటా ఏయే ముక్కల్లో ఉందో చెప్పే పట్టిక, ఫోల్డర్‌లో ఫైలు పేరు, సైజు. వీటి మధ్యలో లాగేస్తే పేరుండి సైజు సున్నా ఉన్న ఫైళ్లు, డేటా ఉండి పేరు లేని ముక్కలు మిగులుతాయి. తర్వాత విండోస్ చెక్ చేస్తే "ఫౌండ్.000" అనే ఫోల్డర్‌లో కనిపించే వింత పేర్ల ఫైళ్లు ఈ దిక్కులేని ముక్కలే. ఆ పట్టిక రాస్తున్నప్పుడే లాగితే అంతకుముందు ఎప్పుడో దాచిన, ఈ కాపీతో సంబంధమే లేని ఫైళ్లు కూడా పోవచ్చు. ఒక్కసారికే అన్నీ పోయాయనే వాళ్ల కథ సాధారణంగా ఇదే.

ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ట్4 లాంటివి ముందు "ఏం చేయబోతున్నానో" చిట్టాలో రాసుకుని తర్వాత చేస్తాయి. మధ్యలో ఆగినా చిట్టా చూసి సర్దుకుంటాయి. కానీ మామూలుగా చిట్టాలోకి ఎక్కేది ఫైళ్ల అమరిక మాత్రమే, లోపలి డేటా కాదు. డిస్క్ తెరుచుకుంటుంది, ఫోల్డర్లు భేషుగ్గా ఉంటాయి, చివరగా సేవ్ చేసిన డాక్యుమెంట్ మాత్రం సగమే ఉంటుంది. ఒక రకంగా ఇదే ఎక్కువ ఇబ్బంది. డిస్క్ మొండికేస్తే వెంటనే తెలుస్తుంది. సగం ఫైలు సంగతి నెలల తర్వాత తెరిచినప్పుడు బయటపడుతుంది.

## తిరుగుతున్న చక్రం

7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. 3.5 అంగుళాల డిస్క్‌లో చక్రం అంచు వేగం గంటకు సుమారు 130 కిలోమీటర్లు. దాని మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో డేటాను చదివే, రాసే హెడ్ తేలుతుంటుంది. ఆ హెడ్‌ను తేల్చేది చక్రం తిరగడం వల్ల పుట్టే గాలి పొర. చక్రం నెమ్మదిస్తే గాలి పొర ఉండదు. కాబట్టి అంతకుముందే హెడ్ పక్కనున్న ర్యాంప్ మీదికి వెళ్లిపోవాలి.

ఎజెక్ట్ సరిగ్గా జరిగితే హెడ్ మెల్లగా ర్యాంప్ ఎక్కుతుంది, తర్వాత మోటారు ఆగుతుంది. పవర్ ఒక్కసారిగా పోతే డిస్క్ ఒక ఉపాయం వాడుతుంది. ఇంకా తిరుగుతున్న చక్రమే జనరేటర్‌లా పనిచేసి కొద్దిపాటి కరెంటు పుట్టిస్తుంది. దాంతో హెడ్‌ను ర్యాంప్ మీదికి విసిరినట్టుగా పంపుతుంది. ఇంజనీర్లు ముందే ఊహించి పెట్టిన ఏర్పాటే కాబట్టి ఒకసారి పీకితే హెడ్ విరిగిపోదు. కానీ మెత్తగా దిగే దిగుడుకూ ఈ దూకుడుకూ తేడా ఉంది. మామూలు దిగుళ్లు లక్షల్లో తట్టుకునేలా డిస్కులను తయారుచేస్తారు. అత్యవసర దిగుళ్ల ఓపిక అంతకంటే చాలా తక్కువ. డిస్క్ ఈ లెక్కను తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రికార్డులో 192వ అంశంగా దాచుకుంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ప్రోగ్రామ్‌లో దాన్ని సీ0 పేరుతో చూడొచ్చు. ఎవరైనా వాడిన డిస్క్ అమ్ముతూ "చాలా జాగ్రత్తగా వాడాను" అంటే ఆ అంకె వైపు ఓ చూపు వేయవచ్చు.

పవర్ పోయాక కూడా చక్రం కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో డిస్క్‌ను చేతిలోకి తీసుకుని పక్కకు తిప్పితే బొంగరం ఎదురుతిరిగినట్టు చేతికి ఒక తోపుడు తెలుస్తుంది. అదే ఒత్తిడి లోపల బేరింగుల మీదా పడుతుంది. డాక్ నుంచి డిస్క్‌ను ఒక అంగుళం పైకి లేపి, కనెక్టర్ విడిపోయాక అక్కడే 20, 30 సెకన్లు వదిలేసి, ఆ తర్వాత పూర్తిగా బయటికి తీయడం సర్వర్ గదుల్లో పనిచేసేవాళ్లకు అలవాటు. డిస్క్‌ను పెట్టే కొన్ని చవక యూఎస్‌బీ డబ్బాలు (ఎన్‌క్లోజర్లు) "ఆగు" అన్న ఆదేశాన్ని డిస్క్‌కు చేరవేయవు. ఎజెక్ట్ అయిందని విండోస్ చెప్పినా లోపల చక్రం తిరుగుతూనే ఉంటుంది. వేలు ఆనించి చూస్తే సన్నని అదురు తెలుస్తుంది.

ఎస్‌ఎస్‌డీకి చక్రం లేదు కాబట్టి ఈ గొడవ లేదనుకోవడం సగమే నిజం. ఏ డేటా ఏ చిప్‌లో ఎక్కడుందో చెప్పే పటాన్ని అది ఎప్పటికప్పుడు మార్చుకుంటూ ఉంటుంది. ఆ పని మధ్యలో పవర్ పోతే పటమే చెడిపోవచ్చు. సర్వర్ రకం ఎస్‌ఎస్‌డీల్లో, ఆ పని ముగించేంత కరెంటు దాచే కెపాసిటర్లు ఉంటాయి. ఇళ్లలో వాడే రకాల్లో చాలావాటికి అవి ఉండవు.

## "షట్‌డౌన్ చేశాకే తీశాం కదా"

ఎజెక్ట్ గొడవెందుకని కంప్యూటర్ ఆపేసి డిస్క్ తీసేవాళ్లూ ఒకచోట చిక్కుకుంటున్నారు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి "ఫాస్ట్ స్టార్టప్" అనే సదుపాయం ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. సిస్టమ్ గుండెకాయ లాంటి భాగాన్ని, డిస్కుల గురించి దానికి తెలిసినదంతా కలిపి ఫైలులో దాచి నిద్రపోతుంది. ఆ సమయంలో డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌లో నాలుగు ఫైళ్లు మార్చి తిరిగి పెడితే, లేచిన విండోస్‌కు పాత పటమే గుర్తుంటుంది. దాన్ని నమ్మి రాయడం మొదలుపెడితే కొత్త ఫైళ్ల మీద రాసేస్తుంది. స్లీప్‌లో ఉండగా డిస్క్ మార్చినా ఇదే కథ. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగుతుంది. రీస్టార్ట్‌కు ఈ సమస్య లేదు.

## ఎజెక్ట్ ఒప్పుకోనప్పుడు

అన్నీ మూసేసినా "డివైస్ వాడుకలో ఉంది" అనడం అందరికీ అనుభవమే. సాధారణంగా దోషి తెర మీద కనిపించదు. యాంటీవైరస్ స్కాన్ చేస్తుంటుంది, సెర్చ్ కోసం ఫైళ్ల పట్టిక తయారవుతుంటుంది, ఫొటోల చిన్న బొమ్మలు సిద్ధమవుతుంటాయి, లేదా ఏదో టెర్మినల్ విండో ఆ డిస్క్‌లోని ఫోల్డర్‌లోనే తెరిచి ఉంటుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 225 నంబరు ఈవెంట్ కోసం వెతికితే, ఎజెక్ట్‌ను ఆపిన ప్రోగ్రామ్ పేరు అక్కడ రాసి ఉంటుంది. ఊహించుకుంటూ ఒక్కో విండో మూసే కంటే ఇది తేలిక. అప్పటికీ వదలకపోతే లాగౌట్ అయి చూడాలి, చివరగా పూర్తి షట్‌డౌన్.

కేబినెట్ లోపలి సాటా డిస్క్‌ను కేబుళ్లతో తీసేటప్పుడు ఏ కేబుల్ ముందు అన్న వాదన ఎప్పుడూ నడుస్తుంటుంది. ఎజెక్ట్ అయి చక్రం ఆగాక వరుస పెద్ద విషయం కాదు. అయినా డేటా కేబుల్ ముందు తీసే అలవాటులో ఒక సౌకర్యం ఉంది: పొరపాటున వేరే డిస్క్‌ది లాగినా దానికి పవర్ పోదు, హెడ్ ఎగిరి దూకాల్సిన పని పడదు.

## రెయిడ్‌లో తప్పు డిస్క్, ఎం.2లో తప్పు ఆలోచన

సర్వర్లలో వాడే ఎస్‌ఏఎస్ డిస్కులు, ట్రేలు పుట్టిందే నడుస్తుండగా మార్చడానికి. అక్కడ కనెక్టర్ వల్ల పోయేది దాదాపు ఏమీ లేదు. పోయేది మనిషి పొరపాటు వల్ల. రెయిడ్ 5లో ఒక డిస్క్ పోయినా డేటా నిలుస్తుంది, రెండోది పోతే నిలవదు. పాడైన డిస్క్‌ను తీయబోయి పక్కనున్న మంచిదాన్ని లాగితే గోరుచుట్టు మీద రోకటిపోటే. సిస్టమ్ చూపే పేర్లు రీబూట్‌తో మారిపోవచ్చు, స్లాట్ నంబరును కొందరు సున్నా నుంచి, కొందరు ఒకటి నుంచి లెక్కపెడతారు. నమ్మదగినది సీరియల్ నంబరు ఒక్కటే. అందుకే ప్రతి ట్రే ముందు సీరియల్ చివరి నాలుగు అంకెలు రాసి అంటిస్తారు.

వేలెడంత ఎం.2 ఎస్‌ఎస్‌డీ చూడటానికి తేలిగ్గా తీయగలిగేదిలా ఉంటుంది. కానీ దానికి ముందు తగిలే గ్రౌండ్ లేదు, స్లాట్‌లోకి ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కాలి, ఆ వంపులో ఏ పిన్ను ముందు తగులుతుందో తెలియదు. కంప్యూటర్ పూర్తిగా ఆపి, పవర్ కేబుల్ తీశాకే దాన్ని కదపాలి. అదే రకం ఎస్‌ఎస్‌డీ (ఎన్‌వీఎంఈ) సర్వర్లలో వాడే యూ.2 రూపంలో వస్తే, మదర్‌బోర్డు కూడా సహకరించేదైతే, నడుస్తుండగా మార్చవచ్చు.

## పొరపాటున లాగేస్తే

వెంటనే గుచ్చి కాపీ కొనసాగించడం సరికాదు. పాత ప్రోగ్రామ్ ఇంకా పాత డిస్క్ ఉందన్న భ్రమలోనే ఉండొచ్చు. లైనక్స్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది: పాత మౌంట్ (డిస్క్ ఇంకా తెరిచే ఉందన్న లెక్క) వదలకుండా ఉంటే అదే డిస్క్ ఈసారి వేరే అక్షరంతో వస్తుంది. తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ మూసి, చక్రం ఆగాక మళ్లీ తగిలించాలి.

తగిలించాక డిస్క్ తెరుచుకుంటే, ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోవాలి. "స్కాన్ అండ్ ఫిక్స్" ఆ తర్వాతే. సరిచేసే ప్రోగ్రామ్ ఫైల్ సిస్టమ్‌ను పొందికగా చేస్తుందే తప్ప ఫైళ్లను కాపాడతానని మాటివ్వదు. పొందిక కోసం అది సగం ఫైళ్లను తీసి పారేయగలదు. చివరగా కాపీ చేసిన నాలుగైదు ఫైళ్లను పేరు చూసి వదిలేయకుండా తెరిచి చూడాలి.

టక్ టక్ అని చప్పుడు వస్తుంటే మళ్లీ మళ్లీ ప్రయత్నించడం వల్ల చక్రం మీద గీతలు పెరుగుతాయి. పవర్ తీసేసి డేటా రికవరీ తెలిసినవాళ్లకు చూపించాలి. చప్పుడేమీ లేకుండా, "ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అన్న విండో మాత్రం వస్తే, చాలావరకు డేటా లోపల పదిలంగానే ఉండి పట్టికలో ఒక మూల మాత్రమే చెడి ఉంటుంది. ఆ విండోలో నొక్కాల్సింది క్యాన్సిల్.